రోబోకి వైర్‌లెస్ పవర్: ఎంత ఎఫిషియెన్సీ వస్తుంది, పోటీలో ఒప్పుకుంటారా? స్టెప్ బై స్టెప్

అనంతపురం, కర్నూలు, కడప సైడు ఇంజినీరింగ్ పిల్లోళ్లు టెక్‌ఫెస్ట్ సీజన్ వస్తే చాలు అడిగేవి రెండే ప్రశ్నలు. కాయిల్ పెట్టి రోబోకి కరెంటు పంపిస్తే ఎంత వేస్ట్ అవుతుంది? కాంపిటీషన్లో పెట్టనిస్తారా? అందరూ మొదటిదానికి జవాబు వెతుక్కుంటా కాయిల్ చుట్టేస్తారు, రెండోది ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర తెలుస్తుంది. ఇక్కడ ఆర్డర్ తిప్పేశాను. ముందు రూల్, తర్వాత లెక్క, ఆ తర్వాతే వైరు.

1. రూల్‌బుక్ చదవండి, "వైర్‌లెస్" అనే పదం వెతకొద్దు

చాలా మంది పీడీఎఫ్ ఓపెన్ చేసి "వైర్‌లెస్" అని సెర్చ్ కొడతారు, అక్కడ బ్లూటూత్, వైఫై గురించి మాత్రమే ఉంటుంది, ఓహో మనకి అడ్డు లేదు అనుకుంటారు. అది తప్పు. మనకి కావాల్సింది పవర్ సోర్స్ రూల్. వెతకాల్సిన మాటలు ఇవి: పవర్ సోర్స్, బ్యాటరీ, ఆన్‌బోర్డ్, సెల్ఫ్ కంటెయిన్డ్, ఎక్స్‌టర్నల్, మాక్సిమమ్ వోల్టేజ్, ఇంటర్‌ఫియరెన్స్, ఫీల్డ్ డ్యామేజ్.

జడ్జి చూసేది ఒకటే అప్పా: ఎనర్జీ ఎక్కడి నుంచి వస్తోంది, ఎప్పుడు వస్తోంది. మధ్యలో వైరు ఉందా గాలి ఉందా అనేది తర్వాతి సంగతి. దాన్ని బట్టి నాలుగు కేసులు.

మొదటిది, మ్యాచ్ నడుస్తుండగా బయటి నుంచి రోబోకి పవర్ రావడం. దాదాపు అన్ని పెద్ద పోటీల్లో ఇది కుదరదు. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్లో రోబోకి మెయిన్ సోర్స్ ఒకే ఒక్క 12 వోల్ట్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. వెక్స్ వీ5 స్టూడెంట్ పోటీల్లో వాళ్ల వీ5 బ్యాటరీ ఒకటి, అంతే. ఏబీయూ రోబోకాన్ ఇటీవలి రూల్‌బుక్‌ల్లో బ్యాటరీ, కంప్రెస్డ్ ఎయిర్, ఎలాస్టిక్ ఫోర్స్ మాత్రమే వాడాలని రాసుంటుంది. మైక్రోమౌస్‌లో (చిక్కుదారిలో దారి వెతికే చిన్న రోబోల పోటీ) రోబో సెల్ఫ్ కంటెయిన్డ్ అయ్యుండాలి, ఆ ఒక్క మాటతో కథ అయిపోతుంది. ఇలా ఒప్పుకునేవాటి లిస్టు ఇచ్చే రూల్‌బుక్‌ల్లో "వద్దని ఎక్కడా రాయలేదు కదా సార్" అని వాదిస్తే పని జరగదు, లిస్టులో లేదంటేనే వద్దని అర్థం.

రెండోది, మ్యాచ్‌కి మ్యాచ్‌కి మధ్య పిట్‌లో (టీములు రోబోని రెడీ చేసుకునే చోటు) డాక్, అంటే చార్జింగ్ స్టాండ్ మీద పెట్టి చార్జ్ చేసుకోవడం. దీనికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే మ్యాచ్‌లో దిగేటప్పటికి రోబోలో ఉన్నది రూల్ ప్రకారం ఉన్న బ్యాటరీనే. కానీ చార్జింగ్ రూల్స్ వేరే పేజీలో ఉంటాయి, బ్యాటరీ రోబోలో ఉండగా చార్జ్ చేయొద్దు, లైపోకి (లిథియం పాలిమర్ బ్యాటరీ) ఫైర్‌ప్రూఫ్ బ్యాగ్ కావాలి లాంటివి. అవి కూడా చదవండి.

మూడోది, రోబో లోపలే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి. తిరిగే టరెట్ (రోబో మీద గుండ్రంగా తిరిగే పై భాగం) ఉంది, స్లిప్ రింగ్ (తిరిగే భాగానికి రాసుకుంటా కరెంటు అందించే రింగు) బదులు రెండు కాయిల్స్ పెట్టారు అనుకోండి, ఎనర్జీ మన బ్యాటరీదే, రోబో దాటి ఏమీ బయటికి పోదు. నా లెక్కలో కాలేజీ టీములకి బాగా పనికొచ్చేది ఇదే, ఎవరూ పట్టించుకోరు గానీ.

నాలుగోది, ఓపెన్ ప్రాజెక్టులు. వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో ఫ్యూచర్ ఇన్నోవేటర్స్ కేటగిరీ లాంటివి, కాలేజీ ఎక్స్‌పోలు. ఇక్కడ సేఫ్టీ తప్ప పెద్ద అడ్డంకి ఉండదు. చైనాలో కాలేజీ స్టూడెంట్ల స్మార్ట్ కార్ పోటీలో అయితే 2019లో ఏకంగా వైర్‌లెస్ ఎనర్జీ సేవింగ్ గ్రూప్ అనే పెట్టారు. అంటే రూల్ రాసేవాళ్లు కావాలనుకుంటే అదే టాస్క్ అవుతుంది.

రూల్స్ సీజన్ సీజన్‌కి మారతాయి, సీనియర్ పంపిన పాత పీడీఎఫ్ పట్టుకుని కూర్చోవద్దు, ఈ ఏడాది మాన్యువల్ తెచ్చుకోండి.

2. వోల్టేజ్ లిమిట్ అనే గుంత

ఇది విడిగా చెప్పాలి. రోబోకాన్ రూల్స్‌లో బ్యాటరీ 24 వోల్ట్ దాటకూడదు, సర్క్యూట్‌లో ఎక్కడైనా 42 వోల్ట్ దాటకూడదు అని ఉంటుంది. మాది 12 వోల్టే కదా అంటారు. కానీ రెసోనెన్స్‌లో (కాయిల్, కెపాసిటర్ కలిసి ఒకే ఫ్రీక్వెన్సీలో ఊగడం) ఉన్న కాయిల్ మీద వోల్టేజ్ సప్లై కంటే ఎక్కువ ఉంటుంది. ఆన్‌లైన్లో చీప్‌గా దొరికే జెడ్‌వీఎస్ డ్రైవర్ బోర్డులో (డీసీని కాయిల్‌కి కావాల్సిన హై ఫ్రీక్వెన్సీ ఏసీగా మార్చేది) కాయిల్ మీద పీక్ వోల్టేజ్ సప్లైకి సుమారు 3.14 రెట్లు. 12 ఇస్తే 38 వోల్ట్, బతికిపోయారు. 24 ఇస్తే 75, అవుట్. టరెట్ కేసులో డ్రైవర్ కూడా రోబో మీదే ఉంటుంది కాబట్టి ఇది నేరుగా మీకే తగులుతుంది.

3. ఆర్గనైజర్లకి రాసే ప్రశ్న

"సార్, వైర్‌లెస్ చార్జింగ్ ఓకేనా?" అని మెసేజ్ పెడితే "నో" అని వస్తుంది, వాళ్లకి కూడా భయమే కదా. ఇలా రాయండి:

"సార్, రూల్ నంబర్ ఫలానా ప్రకారం మా రోబోకి పవర్ 12 వోల్ట్ బ్యాటరీ నుంచి మాత్రమే వస్తుంది. బేస్ నుంచి తిరిగే ప్లాట్‌ఫామ్‌కి స్లిప్ రింగ్ బదులు రెండు కాయిల్స్ వాడుతున్నాం. ఫ్రీక్వెన్సీ 100 కిలోహెర్ట్జ్, పవర్ 8 వాట్ల లోపు, సర్క్యూట్‌లో పీక్ వోల్టేజ్ 38. ఫ్యూజు, ఎమర్జెన్సీ స్విచ్ ఉన్నాయి. బయటి నుంచి ఏ ఎనర్జీ రాదు. బ్లాక్ డయాగ్రమ్ జత చేశాం. ఇది అనుమతిస్తారా?"

జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. ఫోన్లో ఒప్పుకున్న కోఆర్డినేటర్ ఆ రోజు ఇంకో డ్యూటీలో ఉంటాడు, టేబుల్ దగ్గరున్న జడ్జికి ఆ మాట తెలీదు.

4. పేపర్ మీద ఎఫిషియెన్సీ

ఎఫిషియెన్సీ అంటే ఒక నంబర్ కాదు, నాలుగు నంబర్ల గుణకారం. డ్రైవర్, కాయిల్ జత, రెక్టిఫయర్ (ఏసీని మళ్లీ డీసీ చేసేది), చివర కన్వర్టర్ (వోల్టేజ్‌ని కావాల్సినంతకి దించేది). మంచిగా చేస్తే ఒక చిన్న సెటప్‌లో ఇలా ఉంటుంది:

- డ్రైవర్ 92 శాతం
- కాయిల్స్ మధ్య 90 శాతం
- షాట్కీ బ్రిడ్జి (వేగంగా పనిచేసే షాట్కీ డయోడ్లతో కట్టిన రెక్టిఫయర్) 88 శాతం
- బక్ కన్వర్టర్ 88 శాతం

0.92 × 0.90 × 0.88 × 0.88 = 0.64. అంటే 64 శాతం. ప్యాకెట్ మీద 90 అని రాసుంటే అది ఈ నాలుగింటిలో ఒకదాని నంబర్ అయ్యుంటుంది, నమ్మొద్దు.

కాయిల్ జత ఎఫిషియెన్సీ రెండు విషయాల మీద ఉంటుంది. కే అంటే ఒక కాయిల్ ఫీల్డ్‌లో ఎంత భాగం రెండోదానికి అందుతోంది, 0 నుంచి 1. క్యూ అంటే కాయిల్ ఎంత తక్కువ వేస్ట్ చేస్తోంది. రెండూ గుణిస్తే వచ్చేదాన్ని బట్టి గరిష్ట ఎఫిషియెన్సీ:

- కే × క్యూ = 1 అయితే 17 శాతం
- 5 అయితే 67
- 10 అయితే 82
- 20 అయితే 90
- 50 అయితే 96

గ్యాప్ పెరిగితే కే పడిపోతుంది, క్యూ పెంచి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. 5 నుంచి 10కి పోతే 15 శాతం లాభం, 20 నుంచి 50కి పోతే 6 శాతమే. కాబట్టి 20 దగ్గర ఆగండి, తర్వాత డబ్బులు రెక్టిఫయర్ మీద పెట్టండి.

5. సామాను యాడ దొరుకుతుంది

100 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి వైరు పైపొరలో 0.2 మిల్లీమీటర్ లోతు వరకే గట్టిగా పారుతుంది. లావు వైరు చుడితే లోపలి రాగి దండగ. సన్నని వైర్లు చాలా కలిపి మెలేయాలి, దాన్నే లిట్జ్ వైర్ అంటారు.

ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టి వారం ఎదురుచూసే పని లేదు. బోరు మోటార్లు కాలిపోయే మన జిల్లాల్లో వైండింగ్ షాపు లేని ఊరు లేదు. మోటార్ వైరు లావుగా ఉంటుంది, అది కాదు, "అన్నా, సీలింగ్ ఫ్యాన్ వైండింగ్ వైరు, 36 గేజ్, వంద గ్రాములు ఇయ్యి" అని అడగండి. 0.19 మిల్లీమీటర్ ఉంటుంది, సరిపోతుంది.

ఇంకో ఖజానా పాడైన ఇండక్షన్ స్టవ్. అందులో లిట్జ్ కాయిల్, దాని కింద ఫెరైట్ కడ్డీలు (అయస్కాంత ఫీల్డ్‌ని తమలోంచి పోనిచ్చే నల్ల కడ్డీలు), 0.3 మైక్రోఫారడ్ దగ్గర్లో ఉండే 1200 వోల్ట్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్ ఉంటాయి. చీప్ స్టవ్‌లలో కాయిల్ అల్యూమినియం ఉంటుంది, గీకి చూస్తే తెల్లగా కనపడితే వదిలేయండి. విప్పే ముందు ప్లగ్ తీసి, లోపలి పెద్ద కెపాసిటర్ డిస్చార్జ్ అయ్యిందో లేదో మీటర్‌తో చూడండి, 300 వోల్ట్ నిలిచి ఉండొచ్చు.

చెక్‌లిస్ట్:

- 36 గేజ్ ఎనామెల్ వైరు
- కెపాసిటర్లు: పాలీప్రొపిలీన్ ఫిల్మ్ మాత్రమే. పసుపు రంగు డిస్క్ సెరామిక్స్, ఎలక్ట్రోలైటిక్స్ రెసోనెన్స్‌కి వద్దు, వేడెక్కుతాయి, విలువ మారిపోతుంది
- షాట్కీ డయోడ్లు నాలుగు, 1ఎన్5822 లాంటివి. 1ఎన్4007 పెట్టొద్దు, అది 50 హెర్ట్జ్ ఇంటి కరెంటుకి చేసింది, ఈ స్పీడుకి ఆగదు
- 12 వోల్ట్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), 5 ఆంప్ ఫ్యూజు, స్విచ్
- ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ కొలిచేది), రెండు మల్టీమీటర్లు
- హైలం షీట్ (కరెంటు పారని గట్టి బోర్డు) లేదా ప్లైవుడ్ ముక్క. త్రీడీ ప్రింట్ పీఎల్ఏ హోల్డర్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఏప్రిల్లో కర్నూలు షామియానా కింద కాయిల్ వేడి కూడా కలిస్తే అది వంగిపోతుంది

6. కాయిల్ చుట్టడం

ఎ. 30 పోగులు, ఒక్కోటి 5 మీటర్లు, ఒక కొన మేకుకి కట్టి రెండో కొన డ్రిల్ మిషన్‌కి బిగించి మెల్లగా తిప్పండి. సెంటీమీటర్‌కి ఒక మెలిక ఉంటే చాలు, ఎక్కువ తిప్పితే ఎనామెల్ చిట్లుతుంది.

బి. హైలం షీట్ మీద 60 మిల్లీమీటర్ల గుండ్రం నుంచి మొదలుపెట్టి చదునుగా 15 చుట్లు, బయటి కొలత 100 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. ఇండక్టెన్స్ సుమారు 25 మైక్రోహెన్రీ రావాలి. ఇలాంటివి రెండు.

సి. కొనలు. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. 30 పోగులకీ ఎనామెల్ పోవాలి. ఫ్యాన్ వైరు ఎనామెల్ చాలాసార్లు సోల్డర్ వేడికి పోదు, సన్న గరుకు కాగితంతో గీకాలి, ఓపిక కావాలి. పైకి మెరుస్తా బాగా కనపడుతుంది, లోపల పన్నెండు పోగులే అతుక్కుని ఉంటాయి.

డి. చెక్: కాయిల్ డీసీ రెసిస్టెన్స్ 0.07 ఓమ్ దగ్గర ఉండాలి. మామూలు మల్టీమీటర్ ఇంత చిన్నది చూపించలేదు, 1 ఆంప్ కరెంటు పంపి కాయిల్ మీద వోల్టేజ్ చూడండి, 70 మిల్లీవోల్ట్ దగ్గర వస్తే పోగులన్నీ తగిలినట్టు. 150 వస్తే సగం పోగులు గాల్లో ఉన్నాయి.

7. కే కొలవడం, ట్యూన్ చేయడం

పోటీలో ఎంత గ్యాప్ ఉంటుందో అంతే గ్యాప్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా పెట్టండి, కింది కాయిల్ పంపేది, పై కాయిల్ అందుకునేది. పై కాయిల్ కొనలు విడిగా వదిలి కింది కాయిల్ ఇండక్టెన్స్ చూడండి, 25 వచ్చింది అనుకుందాం. ఇప్పుడు పై కాయిల్ కొనలు షార్ట్ చేసి మళ్లీ చూడండి, 24 వచ్చింది. రెండోది మొదటిదాంతో భాగిస్తే 0.96, ఒకటిలోంచి తీసేస్తే 0.04, దానికి వర్గమూలం 0.2. అదే మీ కే. క్యూ 100 ఉంటే కే × క్యూ 20, పేపర్ మీద 90 శాతం.

25 మైక్రోహెన్రీకి 100 నానోఫారడ్ పెడితే రెసోనెన్స్ 100 కిలోహెర్ట్జ్ దగ్గర. జెడ్‌వీఎస్ బోర్డు మీద ముందే ఉన్న కెపాసిటర్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి, అవి పీకేసి మీవి పెట్టుకోండి. పై కాయిల్‌కి కెపాసిటర్ సిరీస్‌లో పెట్టండి. ప్యారలల్ పెడితే లోడ్ తీసేసిన క్షణంలో వోల్టేజ్ ఎగిరి కూర్చుంటుంది, 40 దాటితే ఎల్ఎమ్2596 మాడ్యూల్ (బక్ కన్వర్టర్) అంతే సంగతులు.

సిరీస్‌లో, చుట్లు సమానమైతే, పైన వచ్చే పీక్ వోల్టేజ్ సుమారు కే × కింది కాయిల్ వోల్టేజ్. 0.2 × 38 = 7.6. డయోడ్లకి 0.9 పోతే 6.7 మిగులుతుంది, 5 వోల్ట్ తీయడానికి చాలు. 12 కావాలంటే గ్యాప్ తగ్గించాలి, లేదా పై కాయిల్ చుట్లు పెంచి కెపాసిటర్ మళ్లీ లెక్కేయాలి.

8. పవర్ ఇచ్చే ఆర్డర్

1. పై కాయిల్, రెక్టిఫయర్, లోడ్ ముందే కలిపి ఉంచండి. లోడ్‌కి ముందు రెసిస్టర్ వాడండి, మోటార్ కాదు. ఈ సైజు కాయిల్‌కి 4 ఓమ్, 10 వాట్ రెసిస్టర్ దగ్గర బెస్ట్ వస్తుంది.
2. ఎస్ఎంపీఎస్ ఆన్ చేసి 12 వచ్చాక అప్పుడు స్విచ్‌తో బోర్డుకి ఇవ్వండి. సప్లై మెల్లగా పైకి లేస్తే జెడ్‌వీఎస్ ఆసిలేషన్ మొదలవ్వదు, బోర్డు మీది రెండు మాస్‌ఫెట్లూ (స్విచ్ చేసే ట్రాన్సిస్టర్లు) ఒకేసారి ఆన్ అయ్యి కాలిపోతాయి.
3. ఇన్‌పుట్ కరెంటు చూస్తా ఉండండి. అర సెకన్లో 5 ఆంప్ కొట్టిందంటే ఆపేయండి, ఫ్యూజు మీద భారం వేయొద్దు.
4. 5 నిమిషాలు ఆగి ఆపేశాక వేలితో ముట్టి చూడండి: కాయిల్, కెపాసిటర్, డయోడ్, మాస్‌ఫెట్. ఏది ఎక్కువ కాలుతుందో నష్టం అక్కడే.

జెడ్‌వీఎస్ బదులు హాఫ్ బ్రిడ్జి డ్రైవర్ కట్టి సిరీస్-సిరీస్ (రెండు కాయిల్స్‌కీ కెపాసిటర్ సిరీస్‌లో) వాడే వాళ్లకి ఒక హెచ్చరిక: పై కాయిల్ లేకుండా రెసోనెన్స్‌లో ఆన్ చేస్తే డ్రైవర్‌కి అది షార్ట్ లాగే కనిపిస్తుంది. కరెంట్ లిమిట్ ఉన్న సప్లై లేకుండా ముట్టుకోవద్దు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లని దూరంగా ఉంచండి, కాయిల్ మీద తాళంచెవులు, ఉంగరాల చేతులు పెట్టొద్దు.

9. ఎఫిషియెన్సీ నిజంగా కొలవడం

డీసీ నుంచి డీసీకి మాత్రమే కొలవండి. ఇటు సప్లై వైపు వోల్ట్ × ఆంప్, అటు లోడ్ వైపు వోల్ట్ × ఆంప్, భాగిస్తే అయిపోయింది. మధ్యలో కాయిల్ మీద మల్టీమీటర్ ఏసీ మోడ్‌లో పెట్టి తీసిన రీడింగ్‌లు రిపోర్టులో రాస్తుంటారు, అవి చెల్లవు, మామూలు మీటర్ 100 కిలోహెర్ట్జ్‌ని సరిగా చదవలేదు.

మూడు గ్యాప్‌లు, ప్రతి గ్యాప్‌లో కాయిల్ మధ్యలో ఉన్నప్పుడు, 10 మిల్లీమీటర్లు పక్కకి జరిగినప్పుడు, 20 జరిగినప్పుడు. ఈ తొమ్మిది రీడింగ్‌లు ఒక టేబుల్‌గా వేస్తే జడ్జి అడిగే సగం ప్రశ్నలకి జవాబు అదే. రోబో డాక్ మీద ప్రతిసారీ కరెక్ట్‌గా మధ్యలో ఆగదు కదా.

ఎక్కడ పెట్టి కొలుస్తున్నారో కూడా చూసుకోండి. ఇంట్లో కడప బండ అరుగు మీద 64 వచ్చిన సెటప్, ల్యాబ్‌లో ఇనుప టేబుల్ మీద పెట్టగానే పడిపోతుంది, కాయిల్ కింద ఇనుములో కరెంటు తిరిగి వేడిగా పోతుంది. ఆడిటోరియం స్టేజ్ కింద ఐరన్ ఫ్రేమ్ ఉందేమో ముందురోజే తొంగి చూడండి.

10. తగ్గితే ఎక్కడ వెతకాలి

*కాయిల్ వేడి:* పోగులు సరిగా అతకలేదు, లేదా వెనక మెటల్ ఉంది. రోబో అల్యూమినియం చాసిస్‌కి కాయిల్ నేరుగా అంటించొద్దు, మధ్యలో ఫెరైట్, దానికీ చాసిస్‌కీ నడుమ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ. ఫెరైట్ పెట్టాక ఇండక్టెన్స్ పెరుగుతుంది, మళ్లీ ట్యూన్ చేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

*డయోడ్ వేడి:* షాట్కీ కాదు, లేదా వోల్టేజ్ మరీ తక్కువలో నడుపుతున్నారు. రెండు డయోడ్ల 0.9 వోల్ట్ 5 వోల్ట్ దగ్గర పెద్ద వాటా, 12 దగ్గర చిన్నది.

*చాలా దగ్గర పెడితే పవర్ తగ్గింది:* దగ్గరైతే బాగా రావాలి కదా అనిపిస్తుంది, కానీ కే మరీ ఎక్కువైతే రెసోనెన్స్ ఫ్రీక్వెన్సీ రెండుగా చీలుతుంది. రెండు కాయిల్స్ నడుమ హైలం ముక్క పెట్టి గ్యాప్ ఫిక్స్ చేయండి.

*లైన్ సెన్సార్, కంపాస్ పిచ్చిగా చూపిస్తున్నాయి:* సెన్సార్ వైర్లు మెలేసి కాయిల్‌కి దూరంగా తీసుకెళ్లండి, కంపాస్ రీడింగ్ కాయిల్ ఆఫ్‌లో ఉన్నప్పుడే తీసుకోండి.

*సూపర్ కెపాసిటర్ నిండడం లేదు, డ్రైవర్ వేడెక్కుతోంది:* ఖాళీ సూపర్ కెపాసిటర్ షార్ట్ లాంటిదే. కాన్‌స్టెంట్ కరెంట్ మాడ్యూల్ ద్వారా ఇవ్వండి. 2.7 వోల్ట్, 100 ఫారడ్‌వి రెండు సిరీస్‌లో, బ్యాలెన్సింగ్‌తో, 5 వోల్ట్ వరకు నింపితే 625 జౌల్స్. 2.5కి దిగేదాకా వాడితే 470 దాకా చేతికొస్తాయి, 4 వాట్ల చిన్న లైన్ ఫాలోయర్‌కి కన్వర్టర్ నష్టం పోగా నిమిషంన్నర. 1.5 ఆంప్‌తో నింపడానికి మూడు నిమిషాల లోపే. లైపోకి అయితే కాయిల్ అవుట్‌పుట్ నేరుగా ఎప్పుడూ వద్దు, మధ్యలో బ్యాలెన్స్ చార్జర్ ఉండాల్సిందే.

11. ఇన్‌స్పెక్షన్ రోజు చేతిలో ఉండాల్సినవి

- ఈ సీజన్ రూల్‌బుక్, మీ రూల్ ఉన్న పేజీకి గుర్తు పెట్టి
- ఆర్గనైజర్ రాతపూర్వక జవాబు ప్రింట్
- బ్లాక్ డయాగ్రమ్, ఎనర్జీ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో బాణాలతో
- పీక్ వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ, పవర్: మూడు నంబర్లు ఒక లైన్లో
- తొమ్మిది రీడింగ్‌ల టేబుల్
- ఫ్యూజు, స్విచ్ పైకి కనపడేలా; కాయిల్ మీద ఇన్సులేషన్
- కాయిల్ సిస్టమ్ పూర్తిగా తీసేసినా రోబో నడిచే ప్లాన్ బి వైరింగ్, కనెక్టర్‌తో రెడీగా. జడ్జి తీసేయమంటే వాదన పెట్టుకోకుండా రెండు నిమిషాల్లో మార్చి లైన్లో నిలబడొచ్చు, స్లాట్ పోదు